నల్లేరు – ఎముక అతుకు

'నల్లేరు మీద బండి నడక' అన్న సామెత తెలియని తెలుగువారు అరుదు. ఏ పనియైనా ఆటంకం లేకుండా సాఫీగా సాగిపోతే ఆ మాట అంటాము. బండి దారికి అడ్డంగా నల్లేరు తీగ పాకి ఉంటే, దాని కాడలు మెత్తగా రసంతో నిండి ఉంటాయి గనుక చక్రం వాటిని నలుపుకుంటూ కుదుపు లేకుండా దాటిపోతుంది. చక్రం కింద ఇంత సులభంగా నలిగే తీగకే విరిగిన ఎముకలను అతికించే శక్తి ఉన్నదని మన పల్లెలలో తరతరాలుగా ఒక నమ్మకం ఉన్నది. ఆ నమ్మకంలో నిజమెంత? చెయ్యో కాలో విరిగినప్పుడు నల్లేరును నమ్ముకొని ఇంట్లో కూర్చోవచ్చునా? వట్టి పుక్కిటి మాట అని దానిని తోసివేయవచ్చునా? శ్రోతలలో చాలమందికి కలిగే ఈ సందేహాన్ని ఈ ప్రసంగంలో పరిశీలించదలచినాము.

ముందు మొక్క సంగతి చూద్దాము. నల్లేరు ద్రాక్షతీగకు దగ్గరి చుట్టము. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు సిస్సస్ క్వాడ్రాంగులారిస్. రెండవ మాటకు నాలుగు కోణాలు గలది అని అర్థం. కాడను అడ్డంగా కోసి చూస్తే పేరు ఎంత తగినదో తెలుస్తుంది. కాడ నాలుగు పలకలుగా, కండగలిగి, జానెడుకో బెత్తెడుకో ఒక కణుపుతో, గొలుసు వలె సాగుతుంది. కణుపు దగ్గర ఒక ఆకు, ఆకుకు ఎదురుగా పట్టుకొని పాకేందుకు ఒక నులితీగ ఉంటాయి. ముదిరిన తీగకు ఆకులు రాలిపోయి కాడలే మిగులుతాయి. చిన్న చిన్న పూలు పూసి, బఠాణీ గింజంత ఎర్రని కాయలు కాస్తుంది. ఒక్క కణుపు ఉన్న ముక్కను నేలలో గుచ్చితే చాలు, బతుకుతుంది. నీరు పోసేవారు లేకున్నా, ఎండ మండిపోతున్నా, కంచెల మీద, రాళ్ల గుట్టల మీద, పొలం గట్ల మీద పచ్చగానే కనబడుతుంది. పగటివేళ తన రంధ్రాలు మూసుకొని నీటిని దాచుకొని, రాత్రివేళ గాలిని లోనికి తీసుకొనే గుణం దాని కాడకు ఉన్నది. ఎండకాలంలో మిగిలిన తీగలు వాడిపోయినప్పుడు నల్లేరు నిలబడటానికి అది ఒక ముఖ్య కారణం.

ఈ తీగకు మన దేశంలో ఉన్న పేర్లు కొన్ని వింటే, దానిని గురించి జనం ఏమనుకున్నారో తెలిసిపోతుంది. హిందీలో దీనిని హడ్‌జోడ్ అంటారు. అనగా ఎముకను జోడించేది. తమిళులకు ఇది పిరండై. సంస్కృతంలో వజ్రవల్లి, అస్థిశృంఖల, అస్థిసంహారం అని పేర్లు. అస్థిశృంఖల అంటే ఎముకల గొలుసు. కణుపు కణుపుకూ విడిపోయినట్లు కనబడే కాడను చూచి ఆ పేరు పెట్టి ఉంటారు. అస్థిసంహారం అనే పేరు వింటే మాత్రం తెలుగువారికి ఆశ్చర్యం కలుగుతుంది. సంహారం అంటే చంపడం గదా, ఎముకలను చంపే తీగ ఎముకలకు మందెట్లా అవుతుంది? ఇక్కడ సంహారం అనే మాటకు ఒకచోటికి చేర్చడం అని అర్థం చెప్పుకోవాలి. ఉపసంహారం అన్న మాటలో ఉన్నది ఆ అర్థమే. విడిపోయిన ఎముకలను దగ్గరకు చేర్చేది అస్థిసంహారం.

పేరును బట్టి గుణాన్ని నిర్ణయించరాదు. కణుపుల కాడ ఎముకల వలె కనబడుతుంది గనుక అది ఎముకలకు మందు కావాలని ఎవరో ఊహించి ఉండవచ్చునని ఆక్షేపించేవారు ఉన్నారు. ఆ ఆక్షేపణకు సమాధానం చెప్పాలంటే, ఎముక అంటే ఏమిటో, విరిగిన ఎముక ఎట్లా అతుకుతుందో ముందుగా తెలుసుకోవాలి.

ఎముక అనగానే సున్నపు రాయి వంటి నిర్జీవ పదార్థమని చాలమంది భావిస్తారు. అది పొరపాటు. శరీరంలోని భాగాలను ఒకదానితో ఒకటి కలిపి, ఆనుకొని నిలబెట్టే పదార్థానికి శాస్త్రజ్ఞులు సంయోజక కణజాలమని పేరు పెట్టినారు. కండను ఎముకకు కట్టే తాళ్లు, ఎముకను ఎముకతో కట్టే పట్టీలు, కీళ్ల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, చర్మం కింది పొర, చివరకు ఎముక, అన్నీ ఆ కుటుంబంలోనివే. వీటన్నిటికీ మూలాధారం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. అది సన్నని పీచులుగా, పీచులు పేనిన తాళ్లుగా ఉంటుంది. ఎముకలో ఈ పీచుల మధ్య కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజం పేరుకొని గట్టిపడుతుంది. బరువును బట్టి చూస్తే ఎముకలో సుమారు మూడింట రెండువంతులు ఈ ఖనిజం. మిగిలినది ముఖ్యంగా కొల్లాజెను, నీరు.

దీనిని పరీక్షించి చూడటం విద్యార్థులకు కష్టమేమీ కాదు. శుభ్రం చేసిన కోడికాలి ఎముకను వినిగరులో కొన్నిరోజులు నానవేసి, మధ్యమధ్య వినిగరు మారుస్తూ ఉంటే, పులుపుకు ఖనిజం కరిగిపోతుంది. మిగిలిన ఎముక చూపుకు ఎప్పటివలెనే ఉంటుంది గాని, చేతితో వంచితే రబ్బరు వలె వంగుతుంది. అది కొల్లాజెను. అట్లాగే మరొక ఎముకను నిప్పులో బాగా కాల్చితే కొల్లాజెను కాలిపోయి ఖనిజం మిగులుతుంది. అది తాకితే చాలు పెళుసుగా పొడి అవుతుంది. ఒకటి వంగుతుంది, ఒకటి నలుగుతుంది. రెండూ కలిసినప్పుడే మనిషిని మోయగల ఎముక తయారవుతుంది. ఎముకకు కాల్షియం ఒక్కటే చాలుననుకొనేవారు ఈ పరీక్షను గుర్తుంచుకోవాలి.

ఇక ఎముక విరిగినప్పుడు జరిగేది చూద్దాము. విరిగిన చోట రక్తనాళాలు తెగి నెత్తురు గడ్డకడుతుంది. ఆ వాపు, నొప్పి మొదటి వారంలో ఎక్కువగా ఉంటాయి. తరువాత ఆ గడ్డలోనికి కొత్త రక్తనాళాలు, కణాలు చేరి, కొల్లాజెను పీచులు, మృదులాస్థి అల్లుతాయి. రెండు మూడు వారాలకు విరిగిన రెండు కొనలను కలుపుతూ మెత్తని అతుకు ఒకటి ఏర్పడుతుంది. ఎక్స్-రేలో ఈ మెత్తని అతుకు సరిగా కనబడదు, ఎందుకంటే అందులో ఇంకా ఖనిజం చేరలేదు. ఆపైన ఖనిజం పేరుకొని అతుకు గట్టిపడుతుంది. చేతి ఎముకలకు సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు, బరువు మోసే కాలి ఎముకలకు మూడు నెలలో అంతకు మించియో పడుతుంది. అప్పటికీ పని పూర్తి కాదు. అతుకు మొదట ముద్దగా ఉంటుంది. దానిని చెక్కి, అవసరమైనచోట చేర్చి, పాత ఆకారానికి తెచ్చే పని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి నడుస్తుంది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఎముకను అతికించేది శరీరమే. వైద్యుడు చేయగలిగినది విరిగిన కొనలను సరియైన స్థానంలో చేర్చడం, అవి కదలకుండా నిలపడం, ఆ చోటికి రక్తప్రసారం చెడకుండా కాపాడటం. మందు చేయగలిగినది, చేస్తే, శరీరం చేసే పనిని కొంత త్వరపరచడం. మందుకు ఎముకను సరియైన స్థానానికి తెచ్చే శక్తి లేదు. వంకరగా ఉన్న ఎముక మంచి మందు వాడితే వంకరగానే త్వరగా అతుకుతుంది.

మన ప్రాచీన శస్త్రవైద్యులకు ఈ సంగతి బాగా తెలుసు. సుశ్రుత సంహితలో భగ్నచికిత్సకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉన్నది. కీలు తప్పడాన్ని ఆరు విధాలుగా, ఎముక విరగడాన్ని పన్నెండు విధాలుగా సుశ్రుతుడు విభజించినాడు. చికిత్సలో మొదటి స్థానం చేతిపనిది. ముందు లాగి సరిచేయాలి, నొక్కాలి, కొనలను దగ్గరకు చేర్చాలి, ఆ తరువాత కట్టాలి. కట్టు బద్దలకు రావి, మేడి, మోదుగ, మద్ది, మర్రి వంటి చెట్ల పట్టలను, వెదురును చెప్పినాడు. కాలు విరిగిన వానిని బల్లమీద పరుండబెట్టి, కాలు కదలకుండా మేకులు అమర్చే విధానం కూడ చెప్పినాడు. కట్టును చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణ కాలంలో అయిదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు విప్పి కట్టాలని నియమం. పడుచు వయస్సులో ఒక నెలకు, నడివయస్సులో రెండు నెలలకు, ముసలితనంలో మూడు నెలలకు సంధానం స్థిరపడుతుందని కాలపరిమితి.

వీటన్నిటికంటె ముఖ్యమైన మాట మరొకటి అక్కడ ఉన్నది. కట్టు మరీ వదులైతే అతుకు స్థిరపడదు. మరీ బిగిస్తే చర్మం మొదలైనవి వాచి, నొప్పిపుట్టి, చీముపడతాయి. కనుక మధ్యరకపు కట్టే మంచిదని ఆ శాస్త్రం హెచ్చరించింది. ఎక్స్-రే కనిపెట్టినది 1895లో. పారిస్ ప్లాస్టరు పట్టీని డచ్చి సైనిక వైద్యుడు మతీసన్ వాడుకలోనికి తెచ్చినది 1851 ప్రాంతంలో. ఇవేవీ లేని కాలంలో చేతి స్పర్శనే నమ్ముకొన్న వైద్యుడు బిగుతు కట్టువల్ల కలిగే అపాయాన్ని ఇంత స్పష్టంగా చెప్పడం గమనించదగినది. ఆ హెచ్చరికకు మరల వస్తాము.

సుశ్రుతుని తరువాతి వైద్య గ్రంథాలలో అస్థిసంహారం మందుగా కనబడుతుంది. పదకొండవ శతాబ్దికి చెందిన చక్రదత్తంలో, కీలు తప్పినప్పుడు, ఎముక విరిగినప్పుడు నల్లేరు, లక్క, గోధుమ, మద్దిపట్ట చూర్ణాలను నేతితో కలిపి పాలతో త్రాగమన్న యోగం ఉన్నది. నేటికీ వైద్యులు వాడే లాక్షాది గుగ్గులులో నల్లేరు ఒక ద్రవ్యం. ఆ గ్రంథకారులు నల్లేరును ఒంటరిగా పంపలేదు. దాని వెంట పాలు, నెయ్యి, గోధుమలను పంపినారు. ఎముక కట్టడానికి కావలసిన మాంసకృత్తులు, కాల్షియం, బలం ఆ పాలగ్లాసులో ఉన్నాయి. రోగి కోలుకుంటే ఆ యశస్సులో పాలకు ఎంత భాగమో, నల్లేరుకు ఎంత భాగమో తేల్చడం గ్రంథం చదివినందువల్ల సాధ్యం కాదు. దానికి ప్రయోగం కావాలి.

అట్టి ప్రయోగాలకు పూనుకొన్నవారు కాశీ హిందూ విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యులు. వారిలో ప్రముఖుడు డాక్టర్ కె. ఎన్. ఉడుప. ఆయన ఆయుర్వేదం చదివి, తరువాత విదేశాలలో ఆధునిక శస్త్రవైద్యం అభ్యసించినవాడు. 1958లో కేంద్రప్రభుత్వం ఆయుర్వేద స్థితిగతుల పరిశీలనకు నియమించిన సంఘానికి అధ్యక్షత వహించినవాడు. ఉడుప, ఆయన సహచరుడు జి. సి. ప్రసాద్ కలిసి 1960 తరువాతి కొన్ని సంవత్సరాలలో నల్లేరు మీద వరుసగా పరీక్షలు చేసి, 1963, 1964 సంవత్సరాలలో భారత వైద్య పరిశోధన పత్రికలో ఫలితాలను ప్రకటించినారు.

వారి పద్ధతి ఇట్లా ఉన్నది. ఎముక విరిగిన ఎలుకలలో కొన్నింటికి నల్లేరు సారం ఇచ్చినారు, కొన్నింటికి ఇవ్వలేదు. అతికిన ఎముకను మరల విరవడానికి ఎంత బలం కావలసివచ్చునో కొలిచినారు. ఎముకలో కాల్షియం చేరే తీరును కనిపెట్టడానికి కాల్షియం-45 అనే రేడియోధార్మిక కాల్షియాన్ని ఉపయోగించినారు. ఆ కాల్షియం ఎక్కడ పేరుకొంటే అక్కడ నుండి వెలువడే కిరణాలను పరికరం పసిగడుతుంది గనుక, ఏ ఎముకలో ఎంత చేరినదో లెక్క తెలుస్తుంది. కార్టిజోన్ అనే మందు ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ మందు ఇచ్చిన ఎలుకలలో కూడ నల్లేరు ప్రభావం ఎట్లా ఉంటుందో పరిశీలించినారు. నల్లేరు ఇచ్చిన జంతువులలో అతుకు ముందుగా ఏర్పడి ముందుగా గట్టిపడినదని, కార్టిజోన్ వల్ల కలిగే జాప్యం కూడ తగ్గినదని వారు నిర్ణయించినారు. కాడ ఎముకలాగ ఉన్నందువల్లనే ఈ పేరు వచ్చిందన్న ఆక్షేపణకు ఇది మొదటి గట్టి సమాధానం.

తరువాతి కాలంలో ఇతరులు కూడ ఈ దారిలో నడచినారు. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారే స్థితిని పోలిన స్థితిని, అండాశయాలు తొలగించిన ఎలుకలలో కల్పించవచ్చును. మణిపాల్ పరిశోధకులు అట్టి ఎలుకలకు నల్లేరు సారం ఇచ్చి, ఎముక నష్టం తగ్గినదని 2003లో ప్రకటించినారు. ఎముకను కట్టే కణాలను గాజుపాత్రలో పెంచి, వాటిపై నల్లేరు సారం ప్రభావాన్ని చూచిన పరీక్షలు కూడ అనుకూలంగానే ఉన్నాయి.

అయితే ఎలుక వేరు, మనిషి వేరు. మనుషులపై జరిగిన పరీక్షలు కొద్ది. దవడ ఎముక విరిగిన రోగులకు శస్త్రవైద్యంతో పాటు నల్లేరు ఇచ్చి చూచిన చిన్న పరీక్షలలో నొప్పి, వాపు త్వరగా తగ్గినట్లు కనబడింది. వ్యాయామంవల్ల కీళ్లనొప్పులు ఉన్న ఇరవైతొమ్మిది మంది పురుషులకు అమెరికాలో ఎనిమిది వారాలపాటు రోజుకు 3,200 మిల్లీగ్రాముల నల్లేరు సారం ఇచ్చి, నొప్పి తగ్గినదని 2013లో ప్రకటించినారు. కాని ఆ పరీక్షలో ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్న జట్టు లేదు. మందు పుచ్చుకున్నామన్న ధైర్యంవల్ల, కాలం గడచినందువల్ల కూడ నొప్పి తగ్గవచ్చును. అటువంటి జట్టుతో పోల్చనిదే తగ్గినదంతా మందు చలవ అని చెప్పడానికి వీలులేదు. కనుక మనిషి విషయంలో నేడు చెప్పగలిగినది ఇంతే: నల్లేరు ఎముక అతుకుకు సహాయపడవచ్చునని నమ్మడానికి ఆధారం ఉన్నది, రుజువు సంపూర్ణం కాలేదు. అంగళ్లలో సీసాలమీద అచ్చువేసే గొప్పమాటలకు ఈ ఆధారం చాలదు.

నల్లేరులో ఏమున్నది? సి విటమిను ఉన్నది. కొల్లాజెను పీచు గట్టిగా పేనుకోవడానికి సి విటమిను అవసరం. అది బొత్తిగా లోపిస్తే పాత గాయాలు కూడ విచ్చుకుంటాయి. స్టీరాయిడ్ కుటుంబానికి చెందిన కొన్ని పదార్థాలు, ద్రాక్షజాతి మొక్కలలో ఉండే మరికొన్ని పదార్థాలు ఉన్నాయి. ఎముకమీద పనిచేసేది వీటిలో ఏదో, లేక అన్నీ కలిసియో, అన్నది ఇంకా పరిశోధకుల చేతిలోనే ఉన్నది. నల్లేరులో కాల్షియం పుష్కలంగా ఉన్నది గనుక ఎముకలకు మంచిదని కొందరు అంటారు. కాల్షియం ఉన్న మాట నిజమే గాని, అందులో కొంత భాగం ఆగ్జలేటుతో కలిసి సూదులవంటి స్ఫటికాలుగా ఉంటుంది. ఆ రూపంలో ఉన్న కాల్షియం ఒంటికి బాగా పట్టదు. పైగా పచ్చి నల్లేరు తాకితే చేతులు, తింటే నాలుక, గొంతు దురదపెట్టడానికి ఆ సూదులే కారణం.

ఈ దురదను మన గృహిణులు ఎన్నడో జయించినారు. నల్లేరు పచ్చడి చేసేవారు లేత కొసలనే కోస్తారు. చేతులకు నూనె రాసుకొని, అంచుల పీచు తీసివేసి, చిన్న ముక్కలు చేసి, నూనెలో బాగా మగ్గనిచ్చి, చింతపండు, మిరపకాయలు, నువ్వులు చేర్చి నూరుతారు. తమిళదేశంలో పిరండై తొక్కు చేస్తారు, అప్పడాలలో కూడ దీని రసం కలుపుతారు. ఈ విధంగా అప్పుడప్పుడు ఆహారంలో తినే నల్లేరు వేరు. ఎండబెట్టి చూర్ణం చేసి, సారం తీసి, మోతాదుగా నెలల తరబడి పుచ్చుకొనే నల్లేరు వేరు. రెండవది మందు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాలలో రాళ్లు ఉన్నవారు, మధుమేహానికో రక్తం పలుచబడటానికో మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దానిని ఆరంభించరాదు. కంచెమీద ఉచితంగా దొరికినంతమాత్రాన మందు మందు కాకపోదు.

ఇప్పుడు ముందు చెప్పిన హెచ్చరికకు వద్దాము. మన రాష్ట్రాలలో ఎముక విరిగితే కట్టు కట్టించుకొనే ఆచారం నేటికీ బలంగా ఉన్నది. రేణిగుంట నుండి అరక్కోణం పోయే రైలుదారిలోని పుత్తూరు ఈ కట్టుకు పేరుపొందిన ఊరు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, వీటితో కట్టే 'పుత్తూరు కట్టు' కోసం దూరదేశాల నుండి కూడ జనం వస్తారు. ఈ విద్యను తరతరాలుగా అభ్యసించి, చేతిలో నేర్పు, మనసులో బాధ్యత గలవారు ఉన్నారు. తమకు మించిన దెబ్బను చూచి వెంటనే ఆసుపత్రికి పంపివేయడం అట్టివారి లక్షణం. కాని ఊరూరా ఆ పేరు బోర్డుమీద వ్రాసుకొని కూర్చున్నవారందరికీ ఆ నేర్పు ఉన్నదని చెప్పలేము.

ప్రమాదం పసరులో లేదు, బిగింపులో ఉన్నది. విరిగిన అవయవం మొదటి రెండుమూడు రోజులు వాస్తుంది. లోపల వాపు పెరుగుతూ ఉంటే పైన బిగించిన కట్టు సాగదు. అప్పుడు కండలలో ఒత్తిడి పెరిగి రక్తప్రసారం నిలిచిపోతుంది. రక్తం అందని కండ కొన్ని గంటలలోనే చెడిపోవడం మొదలవుతుంది. చేతివేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోయిన పిల్లలు, చేయియో కాలో తీసివేయవలసివచ్చిన పెద్దలు ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు. విరిగిన ఎముక ప్రాణానికి గాని అవయవానికి గాని అపాయం తేని సందర్భాలలో కూడ బిగుతు కట్టు ఆ అపాయాన్ని తెచ్చింది. పారిస్ ప్లాస్టరుతో కూడ ఇదే ప్రమాదం ఉన్నది; అందుకే మంచి వైద్యుడు ప్లాస్టరు వేసినతరువాత రోగిని మరల చూస్తాడు.

కావున ఎవరు కట్టిన కట్టైనా సరే, ఇంటివారు ఈ గురుతులను కనిపెట్టి ఉండాలి. కట్టు వెలుపల కనబడే వేళ్లు చల్లబడినా, నీలిరంగుకో పాలిపోయిన రంగుకో తిరిగినా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, వేళ్లను మెల్లగా చాచితే భరించరాని నొప్పి పుట్టినా, నొప్పి తగ్గవలసింది పోయి గంటగంటకూ పెరుగుతూ ఉన్నా, తెల్లవారేదాకా వేచి ఉండరాదు. రాత్రి ఎంతైనా వెంటనే ఆసుపత్రికి పోయి కట్టు విప్పించాలి. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినా, గాయం నుండి నెత్తురు కారుతున్నా, కీలు దగ్గర విరిగినా, తుంటి ఎముక, వెన్నెముక, పుర్రె దెబ్బతిన్నా, మొదటే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. తెరచుకున్న గాయంమీద నల్లేరు గాని మరే పసరు గాని పూయరాదు. మట్టితో, ఆకుతో వచ్చే క్రిములు ఎముకలో చేరితే వదిలించడం మిక్కిలి కష్టం. వాహనం వచ్చేదాకా విరిగిన అవయవాన్ని ఉన్న స్థితిలోనే ఒక బద్దకో, మడిచిన దినపత్రికకో ఆనించి మెత్తగా కట్టి, కదలకుండా ఉంచడం చాలు.

ఎముక సరియైన స్థానంలో చేరి, కట్టు కుదిరిన తరువాత మిగిలిన పని శరీరానిది. ఆ పనికి కావలసిన సరుకులు అందించడం మనది. పప్పులు, పాలు, గ్రుడ్లు, చేపలు మాంసకృత్తులను ఇస్తాయి. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పెద్దవారికి రోజుకు వేయి మిల్లీగ్రాముల కాల్షియం, ముట్లుడిగిన స్త్రీలకు పన్నెండు వందలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. రాగి జావ, మజ్జిగ, నువ్వులు, మునగాకు మన వంటింటివే. ఉసిరి, జామ సి విటమినుకు గనులు. తిన్న కాల్షియం ఒంటికి పట్టడానికి డి విటమిను కావాలి. అది చర్మంమీద ఎండపడితే తయారవుతుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. కట్టు కట్టించుకొని అరుగుమీద కూర్చొని చుట్ట కాల్చేవాడు ఒకచేత్తో కడుతూ మరొకచేత్తో విప్పుతున్నాడన్నమాట. మధుమేహం అదుపులో లేనివారికి కూడ అతుకు ఆలస్యమవుతుంది.

వయస్సు మీరిన స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ముట్లుడిగిన తరువాత ఎముకలోని పీచూ ఖనిజమూ రెండూ తరుగుతూ వస్తాయి. బాహ్యంగా ఏ గురుతూ ఉండదు. స్నానాలగదిలో కాలుజారి కూలబడినప్పుడు తుంటి ఎముక విరిగితే గాని సంగతి బయటపడదు. ముసలివారికి తుంటి విరగడం మంచానికి అంటుకుపోవడానికి, ఎన్నోసార్లు మరణానికి దారి తీస్తుంది. ఇంటిలో పెద్దదిక్కయిన అవ్వకు నల్లేరు పచ్చడి పెట్టడం మంచిదే. దానితోపాటు స్నానాలగదిలో పట్టుకొనడానికి ఒక కడ్డీ, నడవడానికి వెలుతురు, జారని నేల, రోజుకు కొంత నడక, కొంత ఎండ ఏర్పాటుచేయడం ఇంకా మంచిది. విరిగిన ఎముకను అతికించడం కంటె విరగకుండా కాపాడటం ఎంతో సులభం.

ఈ నాటి ప్రసంగ సారాంశాన్ని రెండు మాటలలో చెప్పవచ్చును. మన పెద్దలు నల్లేరును ఎముకకు మందుగా గుర్తించడం గాలిమాట కాదు. కాశీలో జరిగిన ప్రయోగాలు దానికి గౌరవం తెచ్చినాయి. మనుషులపై పెద్ద పరీక్షలు జరిగి దాని మోతాదు, దాని హద్దులు తేలవలసి ఉన్నది. అంతవరకూ అది పాలగ్లాసు పక్కన, రాగి ముద్ద పక్కన ఉండదగిన సహాయకారి. ఎక్స్-రేకు గాని, ఎముకను సరిచేసే చేతికి గాని అది బదులు కాజాలదు. ఎవరికైనా చెయ్యో కాలో విరిగినప్పుడు ముందు ఎముకను చూడగలవారి వద్దకు తీసుకొనిపోండి, కట్టు కట్టిన తరువాత వేళ్లను చూస్తూ ఉండండి. నల్లేరు ఆ తరువాత వండుకోవచ్చును. కంచెమీది తీగ ఎక్కడికీ పోదు.